లెక్కకు ముందు అడుగవలసిన ప్రశ్న

బుద్ధికి పదును పెట్టు చిక్కుప్రశ్న కంటబడినంతనే కాగితమును కలమును అందుకొని లెక్కకు దిగువారు కొందఱు. "గణితమున మొదటినుండియు వెనుకబడినవాడను, ఇది నా వలన అగునది కాదు" అని పుస్తకము మూసివేయువారు మఱికొందఱు. ఈ ఇరుతెగలవారు చేయు పొరపాటు ఒక్కటియే. ప్రశ్నలోని సంఖ్యలను చూచుచున్నారే కాని, ఆ సంఖ్యలు తమ యొద్దకు ఎవరి నోట, ఏ నియమమునకు లోబడి వచ్చినవో విచారించుట లేదు. పేరుపడిన తర్కప్రహేళికలలోను, సంభావ్యతా సమస్యలలోను చాల భాగము కూడికలు, భాగహారములు తెలిసిన బాలునికి సయితము లొంగునవియే. లొంగనిది లెక్క కాదు. లెక్కకు ముందు జరుగవలసిన విచారణ. ఆ విచారణను అలవాటుగా మార్చుకొనుట యెట్లో చూపుటయే ఈ అధ్యాయమునకు ప్రయోజనము.

సాధనకొక స్థలము

అభ్యాసమునకు ఒక స్థలము కావలెను గనుక, కలకత్తా నగరమున హుగ్లీ నది యొడ్డుననున్న మెటియాబ్రుజ్‌ను ఎన్నుకొందము. 1856లో ఈస్టిండియా కంపెనీవారు అవధ్ రాజ్యమును హరింపగా, పదవీచ్యుతుడైన నవాబు వాజిద్ అలీ షా ఇచ్చటికి వచ్చి, నడుమ కొంతకాలము ఫోర్ట్ విలియమ్ కోటలో నిర్బంధింపబడినను, 1887లో మరణించువఱకు ఇచ్చటనే నివసించి, ఇచ్చటి సిబ్తైనాబాద్ ఇమాంబారాలో సమాధి యయ్యెను. నేడా ప్రాంతమునకు పేరు తెచ్చుచున్నది కుట్టుపని. ఓస్తాగర్ అని పిలువబడు దర్జీ యజమానుల పూనికతో ఇంటింట కుట్టబడిన దుస్తులు వారాంతమున జరుగు హాట్ అను సంతకు మూటలుగా చేరును; దేశపు నలుమూలలనుండి వచ్చిన వర్తకులు వానిని టోకున కొనిపోవుదురు. ఆనుకొనియున్న గార్డెన్ రీచ్‌లోనే వాల్తేరు వఱకు రైళ్లు నడపిన బెంగాల్ నాగపూర్ రైల్వే ప్రధాన కార్యాలయము వెలసినందున, మన తెలుగువారికిని ఆ వీథులు పరాయివి కావు.

సంభావ్యతాశాస్త్రమును నేర్చుకొనుటకు ఇట్టి సంత కంటె తగిన పాఠశాల లేదు. ఏలయన కట్టిన మూట లోపల నేమున్నదో కొనువాడు చూడలేడు. అమ్మువాని మాటనుబట్టియు, అంటించిన చీటీనిబట్టియు, పైకి లాగిన ఒకటి రెండు బట్టలనుబట్టియు లోపలిదానిని ఊహింపవలసియుండును. ప్రహేళికలన్నింటి స్వరూపము నిదియే.

మొదటి పాఠము: తప్పని తెలిసిన చీటీలు

విజయవాడనుండి వచ్చిన వర్తకుడొకడు హాట్‌లో మూడు మూటలు కొన్నాడనుకొందము. ఒకదానిలో అన్నియు తెల్లచొక్కాలు, ఒకదానిలో అన్నియు నల్లచొక్కాలు, మూడవదానిలో రెండును కలసియున్నవి. చీటీలు అంటించిన కుఱ్ఱవాడు పొరబడి మూడింటికిని తప్పు చీటీలే అంటించెను. ఒక్కటియు సరిగా లేదు. ఒక్క మూటనుండి, ఒక్క చొక్కాను మాత్రమే పైకి తీసి చూచి, మూడు మూటలను నిర్ణయింపవలెను. ఏ మూటను ముట్టవలెను?

తొందరపడువాడు తెల్లచీటీ మూటను విప్పును. తెల్లచొక్కా వచ్చినచో ఆ మూట కలగలుపుదని తేలునే కాని, నల్లచొక్కా వచ్చెనా, అది నల్లమూటయో కలగలుపు మూటయో తెలియక అతడు నిలిచిపోవును. ఆలోచించువాడు "కలగలుపు" అను చీటీ గల మూటను విప్పును. ఆ చీటీ తప్పని ముందే తెలియును గనుక ఆ మూటలోనివన్నియు ఒకే రంగువి కావలెను. చేతికి వచ్చినది తెల్లచొక్కా యైనచో అది తెల్లమూట. ఇక నల్లచీటీ మూట నల్లది కారాదు, తెల్లది ఇదివఱకే దొరకినది, కావున అది కలగలుపు మూట, మిగిలినది నల్లమూట. చూచితిరా? మనకు త్రోవ చూపినది చొక్కా రంగు మాత్రమే కాదు, చీటీలన్నియు తప్పనెడి నియమము. అబద్ధము సయితము, అది నియమము తప్పని అబద్ధమైనచో, నిజముతో సమానముగ ఉపకరించును. కొన్ని చీటీలు మాత్రమే తప్పై, అవి యేవో తెలియని పక్షమున, ఈ చాతుర్యమంతయు వ్యర్థమగును.

రెండవ పాఠము: ఎఱిగి విప్పిన మూట, ఎఱుగక విడిన మూట

ఇప్పుడు లోకమంతటిని తికమకపెట్టిన ప్రశ్నకు వత్తము. 1975లో సెల్విన్ అను సంఖ్యాశాస్త్రజ్ఞుడు దీనిని ఒక శాస్త్రపత్రికలో ప్రకటించెను. 1990లో అమెరికాలోని పెరేడ్ పత్రికయందు మారిలిన్ వాస్ సావంట్ అను రచయిత్రి దీనికి సరియైన సమాధానము వ్రాయగా, ఆమె పొరబడినదని వాదించుచు వేల సంఖ్యలో ఉత్తరములు వచ్చెను. వ్రాసినవారిలో డాక్టరేటు పట్టము గల గణితాచార్యులును ఉండిరి. మూడు తలుపులలో ఒకదాని వెనుక కారును, తక్కిన రెండింటి వెనుక మేకలును గల ఆ మూలప్రశ్నను విడిచి, మన మూటలతోనే చెప్పుకొందము.

ఓస్తాగర్ మూడు మూటలను ముందుంచి, "ఒకదానిలో పండుగకు కుట్టిన ఫ్రాకులున్నవి, తక్కిన రెండింట కత్తిరింపు పేలికలే, ఒకటి ఎన్నుకొనుడు" అనెను. వర్తకుడు మొదటి మూటపై చేయి వేసెను. ఏ మూటలో నేమున్నదో ఎఱిగిన ఓస్తాగర్, తన వాడుక చొప్పున, తక్కిన రెండింటిలో పేలికల మూట నొకదానిని విప్పి చూపి, "ఇప్పుడు మనసు మార్చుకొందురా?" అని యడిగెను. మార్చుకొనుట మేలా, కాదా?

మిగిలినవి రెండు మూటలు గనుక చెఱి సగము అవకాశమని తోచుట సహజము. అట్లు తోచినప్పుడు చేయవలసిన పని యేమనగా, ఈ బేరము మున్నూరు మారులు జరిగినట్లు భావించి తలలు లెక్కించుట. మున్నూటిలో నూరు మారులు వర్తకుడు మొదటనే ఫ్రాకుల మూటపై చేయి వేయును. ఆ నూరింటను మనసు మార్చుకొన్నచో నష్టపోవును. తక్కిన ఇన్నూరు మారులు అతని చేయి పేలికల మూటపై పడును. అప్పుడు ఓస్తాగర్‌కు విప్పుటకు మిగిలిన పేలికల మూట ఒక్కటే గనుక, అతడు విప్పక విడిచిన మూటలో ఫ్రాకులుండి తీరును. అనగా మార్చుకొన్నవాడు మున్నూటికి ఇన్నూరు మారులు గెలుచును; మార్చుకొననివాడు నూరు మారులు మాత్రమే.

ఇచ్చటితో ఆగినచో సగము పాఠమే నేర్చినవారమగుదుము. కథను రవ్వంత మార్చుదము. ఓస్తాగర్ ఏమియు విప్పలేదు. మూటలు మోయు కూలివాని కాలు తగిలి, ఎన్నుకొనని రెండింటిలో ఒక మూట త్రాడు తెగి, లోపలినుండి పేలికలు నేలపై బడినవి. కంటికి గనబడునది మునుపటి దృశ్యమే: ఒక మూట విడినది, అందు పేలికలున్నవి, రెండు మూటలు మిగిలినవి. ఇప్పుడైనను మార్చుకొనుట మేలా? మరల లెక్కింపుడు. మొదటి ఎన్నిక సరియైన నూరు మారులును పేలికలే బయటపడును. ఎన్నిక తప్పిన ఇన్నూటిలో నూరు మారులు పేలికలు, నూరు మారులు ఫ్రాకులు బయటపడును. ఫ్రాకులు పడిన నూరును మన ప్రశ్నకు రావు. మిగిలిన ఇన్నూటిలో మార్చుకొన్నవాడు గెలుచునది నూరు, మార్చుకొననివాడు గెలుచునది నూరు. ఇప్పుడు సగము సగమే!

కన్ను చూచినది రెండు సందర్భములందును ఒక్కటే కాగా సమాధానము మాఱుటకు హేతువేమి? మొదటివాడు ఎఱిగి, ఫ్రాకులను తప్పించి విప్పెను. రెండవవాడు ఎఱుగక తన్నెను. 17వ శతాబ్దమున ఆంధ్రదేశమున పుట్టిన అన్నంభట్టు తన తర్కసంగ్రహమున, నిప్పున్న చోటనెల్ల పొగ యుండుననెడి అనుమానము ఏల చెల్లదో వివరించుచు, పచ్చికట్టెల సంయోగమను ఉపాధిని, అనగా మఱుగుపడిన నియమమును, చూపెను. పొగకు నిప్పు మాత్రమే చాలదు, తడి గల కట్టెయు కావలెను. మారిలిన్‌ను ఎదిరించినవారిలో అనేకులు చేసినది నిప్పును చూచి కట్టెను విస్మరించుటయే. ఓస్తాగర్ యొక్క ఎఱుక ఈ ప్రహేళికలో పచ్చికట్టె వంటిది.

మూడవ పాఠము: అడిగి తెలిసికొన్నది, కంటబడినది

అంగడివానికి ఇద్దఱు బిడ్డలు. వారిలో ఒకడైనను మగబిడ్డ. ఇద్దఱును మగబిడ్డలగుటకు అవకాశమెంత? మార్టిన్ గార్డ్‌నర్ 1959లో సైంటిఫిక్ అమెరికన్ పత్రికయందు ఈ తరహా ప్రశ్న నొసగి, మూడింట ఒక వంతని చెప్పి, పిదప ప్రశ్న అస్పష్టముగ నున్నదని తానే యొప్పుకొనెను. ఇద్దఱేసి బిడ్డలు గల తండ్రులు నన్నూరుమందిని తలచుకొనుడు. నూరుమందికి ఇద్దఱును మగవారు, ఇన్నూరుమందికి ఒకడు మగ, ఒకతె ఆడ, నూరుమందికి ఇద్దఱును ఆడవారు. "మీకు మగబిడ్డ కలడా?" అని ప్రతివానిని అడిగి, కలడన్నవారిని నిలిపినచో మున్నూరుమంది మిగులుదురు, వారిలో ఇద్దఱు మగబిడ్డలవారు నూరుమంది, అనగా మూడింట ఒక వంతు. అట్లు గాక, ప్రతి తండ్రియు ఇద్దఱిలో ఎవరినో ఒకరిని యథాలాపముగ చేయి పట్టుకొని హాట్‌కు రాగా, మగబిడ్డతో వచ్చినవారిని మనము లెక్కించినచో, మొదటి నూరుమందియు, రెండవ తెగలో సగమైన నూరుమందియు కనబడుదురు. సమాధానము సరిగా సగము. "ఒకడు మగబిడ్డ" అను వాక్యము రెండింటను అదియే. వాక్యము చేరిన దారి వేఱు, ఫలము వేఱు.

నాల్గవ పాఠము: ఉప్పు చెప్పిన సాక్ష్యము

ఇవి కాలక్షేపపు ప్రశ్నలని త్రోసిపుచ్చువారికి కలకత్తా నుండియే ఒక ప్రత్యుత్తరము కలదు. 1931లో ప్రశాంతచంద్ర మహలనోబిస్ స్థాపించిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు, ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితమభ్యసించిన తెలుగు యువకుడొకడు 1941లో వచ్చి చేరెను. అతడే కల్యంపూడి రాధాకృష్ణరావు. యుద్ధకాలమున ఉద్యోగమును వెదకికొనుచు కలకత్తాకు వచ్చిన ఆయన, ఆ సంస్థను గూర్చి విని, దానిలో ప్రవేశించి, ఐదేండ్లు తిరుగకమునుపే, 1945లో, క్రామర్–రావు అసమానత యను పేర నేడు ప్రపంచమంతటను బోధింపబడు సిద్ధాంతమును కలకత్తా గణితసంఘ పత్రికయందు ప్రకటించెను. ఎంతటి కుశాగ్రబుద్ధి యైనను చేతనున్న దత్తాంశమునుండి ఒక హద్దునకు మించిన కచ్చితత్వమును రాబట్టజాలదని ఆ సిద్ధాంతము నిరూపించుచున్నది. 2023లో నూట రెండేండ్ల ప్రాయమున ఆయన పరమపదించెను.

ఆయన తన "స్టాటిస్టిక్స్ అండ్ ట్రూత్" గ్రంథమున వివరించిన ఒక వృత్తాంతమును ప్రతి సాధకుడును ఎఱుగవలెను. 1947 నాటి అల్లర్లలో ఢిల్లీ ఎఱ్ఱకోటయందు వేలాది జనులు తలదాచుకొనగా, వారికి భోజన మమర్చు బాధ్యతను ప్రభుత్వము గుత్తదారుల కప్పగించెను. లోపల నెందఱున్నారో ఎవరికిని తెలియదు. లోనికేగి లెక్కించు వీలు లేదు. గుత్తదారులు పంపు బిల్లులు మాత్రము నానాటికి పెరుగుచుండెను. జనసంఖ్యను అంచనా కట్టు పని సంఖ్యాశాస్త్రజ్ఞుల పాలబడెను. వారి చేతనున్నవి ఆ బిల్లులే: ఇంత బియ్యము, ఇంత పప్పు, ఇంత ఉప్పు. ఒక మనిషి దినమునకు ఏది యెంత వాడునో కుటుంబ పరిశీలనల వలన ముందే తెలియును. మొత్తము బియ్యమును తలసరి బియ్యముతో భాగింపగా ఒక జనసంఖ్య వచ్చును; పప్పుతో మఱియొకటి; ఉప్పుతో ఇంకొకటి. బిల్లులు సత్యములైనచో ఈ మూడును సమానములు కావలెను. కాని బియ్యము చూపిన సంఖ్య అన్నింటికంటె ఎక్కువ, ఉప్పు చూపిన సంఖ్య అన్నింటికంటె తక్కువ.

సామాన్యుడు మూడింటిని కూడి సగటు తీయును. ఆ సంఖ్యాశాస్త్రజ్ఞులలో ఒకడైన జె.ఎం.సేన్‌గుప్తా అట్లు చేయలేదు. బియ్యము ప్రియమైనది గనుక దానిని హెచ్చించి వ్రాసిన లాభము కలదు. ఉప్పు చవుక గనుక దానిని పెంచి వ్రాసినను గుత్తదారునికి ఒరుగునది లేదు. కావున ఉప్పు మాటయే నమ్మదగినదని ఆయన నిర్ణయించెను. హుమాయూన్ సమాధి యొద్ద నున్న చిన్న శిబిరమున ఇదే పద్ధతిని అనుసరింపగా, వేఱుగ లెక్కించిన సంఖ్యతో ఆ యంచనా సరిపోయెనని రావుగారు వ్రాసిరి. ఇచ్చట భాగహారమునకు మించిన గణితము లేదు. ఆయన చేసినదెల్ల, ఈ సంఖ్యను చెప్పువానికి అబద్ధమాడుట వలన లాభమున్నదా అని అడుగుట. ఓస్తాగర్ ఎఱుక ఎట్టిదో, గుత్తదారుని లాభము నట్టిదే. రెండును వార్త పుట్టిన చోటను దాగియున్న నియమములు.

ఐదవ పాఠము: వేయింటిని ఎదుట పఱచుకొనుట

శాతములు మనస్సును మోసగించును, తలలు మోసగింపవు. వేయి చొక్కాలలో పదింటికి కుట్టు లోపము కలదనుకొనుడు. పరీక్షించువాడు లోపమున్నదానిని పదింట తొమ్మిది మారులు పట్టును. కాని మంచిదానిని సయితము పదింట ఒక మారు లోపమని త్రోసివేయును. అతడు త్రోసివేసిన చొక్కా ఒకటి చేతికి వచ్చినది. అది నిజముగ లోపము గలదియే యగుటకు అవకాశమెంత? నూటికి తొంబది యని పలుకుటకు నాలుక తహతహలాడును. లెక్కింపుడు. లోపమున్న పదింటిలో తొమ్మిది పట్టుబడినవి; మంచివి తొమ్మిదివందల తొంబదిలో తొంబది తొమ్మిది అన్యాయముగ పట్టుబడినవి. మొత్తము నూట ఎనిమిదిలో తొమ్మిదియే, అనగా పండ్రెండింట ఒకటియే, దోషి. వైద్యపరీక్షలో రోగమున్నదని చీటీ వచ్చినప్పుడు కలత చెందకమునుపు, ఆ రోగము జనులలో ఎంత అరుదు, ఆరోగ్యవంతులను ఆ పరీక్ష ఎంత తఱచుగ పట్టును అని వైద్యుని అడుగుట మంచిది.

అయితే లెక్కింపదగిన తలలు సమానములని ముందే నమ్మరాదు. ఫ్రాన్సు దేశపు గొప్ప గణితవేత్త డాలంబేర్, నాణెమును రెండు మారులు ఎగురవేయగా ఒక్కమారైనను బొమ్మ పడుటకు మూడింట రెండు వంతులు అవకాశమని 1754లో వ్రాసెను. నిజమునకు నాలుగింట మూడు. మొదటనే బొమ్మ పడినచో ఆట ముగిసినదని తలచి, ఆయన సమానములు గాని వానిని సమానములుగ లెక్కించెను. కలకత్తాలో పుట్టిన సత్యేంద్రనాథ బోసు 1924లో, ఢాకాలో పనిచేయుచు, కాంతికణముల విషయమున మన నాణెముల లెక్క చెల్లదనియు, ఒండొంటినుండి వేఱు చేసి గుర్తింపరాని ఆ కణములకు లెక్కయే వేఱనియు తేల్చెను. ఏది దేనితో సమానమో నిర్ణయించునది వస్తువు యొక్క స్వభావమే కాని, మన సౌకర్యము కాదు.

అనుష్ఠాన క్రమము

ఇక సాధనకు నాలుగు నియమములు. మొదటిది: ప్రశ్నను రెండుమారులు చదివి, మీకు చెప్పబడిన ప్రతి సంగతి ప్రక్కను "ఇది చెప్పినవాడు ఎఱిగి చెప్పెనా? వేఱు విధముగ జరిగియున్నచో ఏమి చెప్పియుండును?" అని వ్రాసికొనుడు. రెండవది: శాతములను విడిచి, మున్నూరు, నన్నూరు, వేయి అని తలలుగా మార్చుకొనుడు. మూడవది: చెప్పిన వార్తతో పొసగని తలలను కొట్టివేసి, మిగిలినవానిని మాత్రమే లెక్కింపుడు. నాల్గవది: వచ్చిన సమాధానమును చేతితో పరీక్షింపుడు. నలోపాఖ్యానమున ఋతుపర్ణుడు రథము మీదనుండియే తాండ్రచెట్టు ఆకులను కాయలను ఇన్నియని చెప్పగా, బాహుకరూపమున నున్న నలుడు రాజు మాటయని ఊరకొనక, చెట్టును పడగొట్టి లెక్కించిన పిదపనే ఆ విద్యను అర్థించెను. ఆధునికులలో పాల్ ఎర్డోష్ వంటి మహాగణితజ్ఞుడు సయితము మూడు తలుపుల ప్రశ్నకు సమాధానమును, కంప్యూటరుపై మాటిమాటికి ఆడించి చూపినగాని ఒప్పుకొనలేదు. మూడు చీట్లు, ఒక స్నేహితుడు ఉన్నచో మీరును ఒక సాయంకాలమున ఆ పరీక్ష చేయగలరు.

అభ్యాసములు

ఒకటి: మూడు కాలరు ముక్కలు కలవు. ఒకటి ఇరువైపుల తెలుపు, ఒకటి ఇరువైపుల నలుపు, ఒకటి ఒకవైపు తెలుపు, ఒకవైపు నలుపు. కన్ను మూసి ఒకటి తీసి బల్లపై నుంచగా పైవైపు తెలుపు. అడుగువైపును తెలుపగుటకు అవకాశమెంత?

రెండు: చీకటి గదిలో డబ్బాయందు పది తెల్లగుండీలు, పది నల్లగుండీలు ఉన్నవి. ఒకే రంగువి రెండు తప్పక దొరకుటకు ఎన్ని తీయవలెను? తెల్లవే రెండు తప్పక దొరకుటకు ఎన్ని?

మూడు: రెండు వీథులు చీలుచోట ఇద్దఱు నిలిచియున్నారు. ఒకడు ఎప్పుడును నిజమే చెప్పును, ఒకడు ఎప్పుడును అబద్ధమే చెప్పును. ఎవడెవడో మీ రెఱుగరు, వారు ఒకరి నొకరు ఎఱుగుదురు. ఒక్క ప్రశ్నతో ఇమాంబారాకు దారి తెలిసికొనుడు.

నాలుగు: ఒక పాచికను నాలుగు మారులు వేసి ఒక్క ఆఱైనను పడునని పందెమొడ్డుట లాభమా, రెండు పాచికలను కలిపి ఇరువది నాలుగు మారులు వేసి ఒక్క జంట ఆఱైనను పడునని ఒడ్డుట లాభమా? 1654లో పాస్కల్, ఫెర్మాల నడుమ నడచిన లేఖలకు ప్రేరకుడైన జూదరి ప్రభువు డి మేరే పేర ఈ ప్రశ్న ప్రసిద్ధము.

సమాధానములు: మొదటిదానికి మూడింట రెండు వంతులు, ముక్కలను గాక ముఖములను లెక్కింపుడు, పైకి రాగల తెల్లముఖములు మూడింటిలో రెండింటికి అడుగునను తెలుపే కలదు. రెండవదానికి మూడును, పండ్రెండును. మూడవదానికి, ఎవనినైనను "నీ తోడివాడు ఏ దారి చూపును?" అని అడిగి, చెప్పినదానికి ఎదురు దారిన పొండు, ఆ మాట ఒక నిజము గుండను, ఒక అబద్ధము గుండను వచ్చితీరును గనుక ఎప్పుడును తప్పే. నాల్గవదానిలో మొదటి పందెము సగమునకు కొంచెము మించి లాభము, రెండవది సగమునకు కొంచెము తగ్గి నష్టము.

ఈ నాలుగింటిని నేడే చేయుడు. తరువాత ఈ విద్యను పుస్తకమునకు వెలుపలికి కొనిపొండు. నూటికి ఇంతమంది ఉత్తీర్ణులైరని కోచింగు సంస్థ ప్రకటించినప్పుడు పరీక్షకు పంపక ఆపివేసినవారిని గూర్చి అడుగుడు. తమ సలహాతో ధనవంతులైనవారి చిత్రములను వ్యాపారులు చూపినప్పుడు నష్టపోయినవారి చిత్రము లెచ్చటనని అడుగుడు. సంఖ్యను చెప్పినవాడు కోపించినను సరే, లెక్కకు ముందు ఆ ఒక్క ప్రశ్నను విడువకుడు.